చిన్న కీబోర్డు, పెద్ద వర్ణమాల

తార్నాక చౌరస్తా చుట్టుపక్కల హాస్టళ్లలో గానీ, ఉస్మానియా క్యాంపస్ లోపలి గదుల్లో గానీ చదువుకునేవాళ్ల బల్లలు విశాలంగా ఉండవు. ల్యాప్‌టాప్, పోటీ పరీక్షల పుస్తకాలు, నీళ్ల సీసా, ఛార్జరు పెట్టేసరికి బల్ల నిండిపోతుంది. దాని మీద పూర్తి సైజు కీబోర్డు కూడా పెడితే మౌస్ ఆడడానికి జాగా మిగలదు. చిన్న మెకానికల్ కీబోర్డులు కుర్రకారును ఆకట్టుకోవడానికి మొదటి కారణం ఈ జాగాయే. రంగురంగుల లైట్లు ఆ తర్వాత.

కొనబోయేవాళ్లు మామూలుగా రెండు ప్రశ్నలు అడుగుతారు. గేములకు పనికొస్తుందా? రోజువారీ టైపింగ్‌కు పనికొస్తుందా? వీటికి జవాబులు చెప్పేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. అయితే వాళ్లలో ఎక్కువమంది ఇంగ్లిష్ టైపు చేసేవాళ్లు. ఇరవయ్యారు అక్షరాలకు సరిపోయిన చోట అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు ఇముడుతాయా అన్న సందేహం వాళ్లకు రాదు. మనకు రావాలి. వైద్యం, ఇంజనీరింగ్ సైతం దేశభాషలో బోధించాలని పూనుకుని, 1917 నాటి నిజాం ఫర్మానాతో ఉర్దూ మాధ్యమంలో మొదలైన విశ్వవిద్యాలయం ఉస్మానియా. మన భాష ఒక యంత్రంలో ఎంతవరకు ఇముడుతుందో చూడడానికి ఇంతకంటే తగిన చోటు ఏముంటుంది?

ముందు కొలతలు చూద్దాం. మెకానికల్ కీబోర్డులో ఒక కీ మధ్య నుంచి పక్క కీ మధ్యకు దూరం 19.05 మిల్లీమీటర్లు, అంటే ముప్పావు అంగుళం. పూర్తి సైజు కీబోర్డు వెడల్పులో ఇలాంటి గళ్లు ఇరవై రెండున్నర పడతాయి. దాదాపు 43 సెంటీమీటర్లు. నంబర్‌ప్యాడ్, బాణం గుర్తులు, వాటి పైనుండే కీలు, ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా ఉండే పై వరస తీసేస్తే మిగిలేది 61 కీలు, 15 గళ్ల వెడల్పు. దీన్నే 60 శాతం కీబోర్డు అంటారు. వెడల్పు 28.6 సెంటీమీటర్లు. తేడా 14 సెంటీమీటర్ల పైమాటే. అక్షరాల కీల సైజు మాత్రం ఎక్కడా తగ్గలేదని గుర్తుంచుకోవాలి. తగ్గింది కీల సంఖ్య. బాణం గుర్తులు చేరిస్తే 65 శాతం, ఎఫ్ వరస కూడా చేరిస్తే 75 శాతం, అంకెల వరస సైతం తీసేస్తే 40 శాతం.

ఇది గేమర్లు కనిపెట్టిన వస్తువు కాదు. టోక్యో విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రం బోధించిన ఎయిటి వాడా, పీఎఫ్‌యూ అనే కంపెనీతో కలిసి రూపొందించిన హ్యాపీ హ్యాకింగ్ కీబోర్డు 1996లో వచ్చింది. దానికి 60 కీలే. యూనిక్స్ వాడేవాళ్లకు ఏ కీలు కావాలో చూసి, మిగతావి తీసేశారు. ఉంచినవాటిలో ~ గుర్తుండే టిల్డా కీ ఒకటి, పైవరసలో కుడి చివర. ఈ టిల్డా సంగతి తర్వాత మనకు బాగా అవసరమవుతుంది.

మూత కింద

61 కీలకు 61 తీగలు లాగితే, వాటన్నిటినీ కలుపుకునేటన్ని కాళ్లు చిన్న మైక్రోకంట్రోలర్ చిప్పుకు ఉండవు. అందుకని కీలను అడ్డువరసలు, నిలువువరసలుగా పేరుస్తారు. 5 అడ్డం, 14 నిలువు అనుకుంటే 19 తీగలతో పని జరిగిపోతుంది. చిప్పు ఒక్కో వరసలోకి సంకేతం పంపి, ఏ నిలువు తీగలో అది తిరిగి వచ్చిందో చూస్తుంది. ఈ గాలింపు సెకనుకు వందల, వేల సార్లు జరుగుతూనే ఉంటుంది.

ఇందులో ఒక చిక్కుంది. దీర్ఘచతురస్రం నాలుగు మూలల్లో ఉన్న కీలలో మూడింటిని ఒకేసారి నొక్కితే, కరెంటు చుట్టుదారిన వెళ్లి నాలుగో కీ కూడా నొక్కినట్టు చూపిస్తుంది. చవక ఆఫీసు కీబోర్డులు ఈ గందరగోళం రాకుండా అనుమానం వచ్చిన మూడో కీని పట్టించుకోవడమే మానేస్తాయి. మంచి మెకానికల్ కీబోర్డులో ప్రతి కీ పక్కనా ఒక డయోడ్ ఉంటుంది. కరెంటును ఒక్క దిక్కులోనే పోనిస్తుంది కాబట్టి చుట్టుదారి మూసుకుపోతుంది. అందుకే ఎన్ని కీలు కలిపి నొక్కినా చిప్పు వాటన్నిటినీ సరిగ్గా గుర్తుపడుతుంది. 1ఎన్4148 అనే ఈ డయోడ్ కోఠీ గుజరాతీ గల్లీలో విడిభాగాలు అమ్మే ఏ దుకాణంలోనైనా అతి చవగ్గా దొరుకుతుంది. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు సొంతంగా కీబోర్డు కట్టాలనుకుంటే చేతికి అందని విద్య కాదిది.

కీ కింద స్విచ్చులో రెండు లోహపు రేకులు తాకుతాయి. తాకగానే కుదురుకోవు, కొద్ది మిల్లీసెకన్లు అదురుతాయి. ఆ అదురును చిప్పు లెక్కలోకి తీసుకోకపోతే ఒక్క ‘క’ కొడితే ‘కక’ పడుతుంది. ప్రోగ్రామబుల్ కీబోర్డుల్లో ఎక్కువగా వాడే క్యూఎంకే అనే ఉచిత ఫర్మ్‌వేర్ దీనికోసం మామూలుగా 5 మిల్లీసెకన్లు ఆగుతుంది. జున్ వాకో రాసిన టీఎంకే నుంచి పుట్టి, జాక్ హంబర్ట్ చేతుల్లో పెరిగిన ఫర్మ్‌వేర్ ఇది. కీబోర్డు లోపలి చిప్పులోనే కూర్చుంటుంది కాబట్టి అందులో మనం చేసుకున్న మార్పులు ఏ కంప్యూటర్‌కు తగిలించినా మనతోనే వస్తాయి. వయా అనే అప్లికేషన్ ఉంటే కోడ్ రాయనక్కర్లేదు, తెర మీద కీని ఎంచుకుని దాని పని మార్చేయవచ్చు.

ఇక్కడ ఒక మాట బాగా మనసుకు పట్టించుకోవాలి. కీబోర్డుకు ఏ భాషా రాదు. ‘కె’ కీ నొక్కితే అది కంప్యూటర్‌కు పంపేది 14 అనే అంకె. ఎస్కేప్‌కు 41, టిల్డాకు 53, క్యాప్స్ లాక్‌కు 57. తెలుగు లేఅవుట్ పెట్టుకున్న కంప్యూటర్ ఆ 14ను చూసి, యూనికోడ్‌లో 3093వ స్థానంలో ఉన్న ‘క’ను తెర మీద వేస్తుంది. అంటే ఒక కీ లేకపోతే దాని అంకె పోయినట్టే, ఆ అంకెతో పాటు ఒక తెలుగు అక్షరమూ పోయినట్టే.

గేముల సంగతి

గేములకు చిన్న కీబోర్డు పనికొస్తుందా అంటే, పనికొస్తుంది. ఇందులో పెద్ద వివాదం లేదు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటి గురిపెట్టి కాల్చే ఆటల్లో మౌస్‌ను ఒక్క ఊపున చాలా దూరం లాగాల్సి వస్తుంది. పైన చూసిన 14 సెంటీమీటర్లు అప్పుడు అక్కరకొస్తాయి. కుడిచెయ్యి ఒంటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి భుజం మీదా భారం తగ్గుతుంది. ఎడమచేతికి డబ్ల్యూ, ఎ, ఎస్, డి, వాటి చుట్టూ పది పన్నెండు కీలు, స్పేస్ బార్ ఉంటే చాలు. విమానం నడిపే ఆటలకు, వ్యూహాలు పన్నే ఆటలకు ఎఫ్ వరసా, నంబర్‌ప్యాడూ కావాలి. అవి ఆడేవాళ్లు 60 శాతం జోలికి పోకపోవడం మంచిది.

వేగం గురించి మాత్రం ప్రచారం ఎక్కువ. మామూలు కీబోర్డును కంప్యూటర్ సెకనుకు 125 సార్లు, అంటే 8 మిల్లీసెకన్లకోసారి పలకరిస్తే, గేమింగ్ కీబోర్డును 1000 సార్లు పలకరిస్తుంది. ఆదా అయ్యేది ఎంత ఎక్కువ లెక్కేసినా 7 మిల్లీసెకన్లు. సెకనుకు 60 బొమ్మలు చూపే తెర మీద ఒక్క బొమ్మే దాదాపు 17 మిల్లీసెకన్లు నిలుస్తుంది. కంటికి కనిపించినదానికి వేలు స్పందించడానికి మనిషికి 200 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. పోటీల్లో దిగేవాళ్లకు 7 మిల్లీసెకన్లూ విలువైనవే కావచ్చు. హాస్టల్ వైఫై మీద ఆడేవాళ్లకు అంతకంటే ఎక్కువ ఆలస్యం నెట్‌వర్క్‌లోనే జరిగిపోతుంది.

నిజంగా తేడా తెచ్చింది అయస్కాంతం. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రం ఆధారంగా, కీ కాడలో చిన్న అయస్కాంతం, కింద సెన్సర్ పెట్టి, కీ ఎంత లోతుకు దిగిందో నిరంతరం కొలుస్తున్నారు. నెదర్లాండ్స్ కంపెనీ వూటింగ్ చేసిన 60 శాతం కీబోర్డు ఈ పద్ధతికి గేమర్లలో పేరు తెచ్చింది. వేలు కాస్త పైకి లేవగానే కీ వదిలినట్టు లెక్క, కాస్త దిగగానే మళ్లీ నొక్కినట్టు లెక్క. ఎంత లోతులో పలకాలో మనమే పెట్టుకోవచ్చు.

ప్రోగ్రామింగ్ ఇంకా ముందుకు పోతే ఆట న్యాయం మీదకే వచ్చింది. 2024 జూలైలో రేజర్ కంపెనీ, ఎడమకూ కుడికీ వెళ్లే కీలు రెండూ కలిసి నొక్కి ఉన్నప్పుడు చివరి దానికే విలువనిచ్చే సదుపాయం తెచ్చింది. వేళ్ల నేర్పు చేయాల్సిన పని కీబోర్డు చేసేస్తోందని వాల్వ్ కంపెనీ మరుసటి నెలలోనే కౌంటర్ స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో దాన్ని నిషేధించింది. ఆ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. ఆటగాడి వేలికి లేని నేర్పును ఫర్మ్‌వేర్ ఇస్తే అది ఆట అనిపించుకోదు.

తెలుగు దగ్గరికి వస్తే

టైపు ఇన్‌స్టిట్యూట్లలో లోయర్, హయ్యర్ పాసైన తరానికి గుర్తుంటుంది, గోద్రెజ్ యంత్రం మీద ఎంత బలంగా కొట్టాల్సి వచ్చేదో. 1955లో టైపు యంత్రాలు చేయడం మొదలుపెట్టిన గోద్రెజ్ సుమారు 2009లో ఆపేసింది. చెర్రీ ఎంఎక్స్ రెడ్ లాంటి స్విచ్చు రెండు మిల్లీమీటర్లు దిగగానే, 45 సెంటీన్యూటన్ల బలానికే పలుకుతుంది. నాలుగు మిల్లీమీటర్ల అడుగు దాకా కొట్టక్కర్లేదు. టైపింగ్ హాయిగా ఉంటుందని మెకానికల్ కీబోర్డు వాడేవాళ్లు చెప్పేది ఇందుకే. గంటలకొద్దీ థీసిస్ కొట్టేవాళ్ల వేళ్లకు ఇది చిన్న విషయం కాదు. పక్క మంచం మీద గ్రూప్స్‌కు చదివే మిత్రుడుంటే మాత్రం టకటకలాడే బ్లూ స్విచ్చు వద్దు. రెడ్‌గానీ, చప్పుడు తగ్గించిన రకంగానీ తీసుకోవాలి.

కంప్యూటర్‌లో తెలుగు టైపు చేసేవాళ్లు స్థూలంగా మూడు రకాలు. ఇంగ్లిష్ అక్షరాల్లో ఉచ్చారణ కొట్టి తెలుగులోకి మార్చుకునేవాళ్లు మొదటి రకం. లేఖిని లాంటి పరికరాలు వాడేవాళ్లు వీళ్లే. వీళ్లకు కావలసింది ఇంగ్లిష్ అక్షరాలే కనుక 60 శాతం కీబోర్డు చక్కగా సరిపోతుంది. రెండో రకం అను లాంటి డీటీపీ సాఫ్ట్‌వేర్ మీద యాపిల్ లేఅవుట్‌తో కొట్టే ఆపరేటర్లు. థీసిస్ టైపింగ్, పెళ్లిపత్రికలు, కరపత్రాలు వీళ్ల చేతుల మీదుగానే నడుస్తాయి. ఆల్ట్ నొక్కి అంకెల కోడ్ కొట్టే అలవాటున్నవాళ్లకు విండోస్‌లో నంబర్‌ప్యాడ్ తప్పదు. వీళ్లకు పూర్తి సైజు కీబోర్డే సరైనది, వేరే మాట లేదు.

మూడో రకం ఇన్‌స్క్రిప్ట్ వాడేవాళ్లు. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడిగా రూపొందించిన లేఅవుట్ ఇది. 1991లో ఐఎస్ 13194 ప్రమాణంలో చేరింది. విండోస్‌లో, లినక్స్‌లో తెలుగు కీబోర్డు అని ఎంచుకుంటే వచ్చేది ఇదే. నేను మనసారా సిఫారసు చేసేదీ ఇదే, ఎందుకంటే మన లిపి స్వభావం తెలిసినవాళ్లు కట్టిన లేఅవుట్ ఇది. అచ్చులు, గుణింతపు గుర్తులు, పొల్లు ఎడమచేతి కింద ఉంటాయి. హల్లులు దాదాపు అన్నీ కుడిచేతి కింద. షిఫ్ట్ నొక్కితే ‘క’ కీ మీద ‘ఖ’, ‘గ’ కీ మీద ‘ఘ’ వస్తాయి.

‘స్త్రీ’ అని కొట్టి చూడండి. తెర మీద కనిపించేది ఒక్క అక్షరం. వేళ్లు కొట్టేది ఆరు కీలు. ఎం మీద స, డి మీద పొల్లు, ఎల్ మీద త, మళ్లీ డి మీద పొల్లు, జె మీద ర, ఆర్ మీద ఈత్వం. కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ. రెండు చేతులా తబలా వాయిస్తున్నట్టు నడుస్తుంది. ఈ నడకలో ఒక వేలు లేవకముందే రెండో వేలు దిగుతుంది. ఇందాకటి డయోడ్ల విలువ గేములకే కాదు, ఒత్తులకూ ఉందని ఇక్కడ తెలుస్తుంది. ఇంకో సంగతి. గేమర్లు అరగదీసే డబ్ల్యూ, ఎ, ఎస్, డి కీలే ఇన్‌స్క్రిప్ట్‌లో ఐత్వం, ఓత్వం, ఏత్వం, పొల్లు. ప్రతి ఒత్తుకూ డి కొట్టి తీరాలి.

ఇప్పుడు ‘కొత్త’ అని కొట్టండి. కె మీద క వస్తుంది. దాని తర్వాత కావలసిన ఒత్వం ఎక్కడుంది? అంకెల వరసలో 1కి ఎడమ పక్కన, ట్యాబ్‌కు పైన ఉండే టిల్డా కీ మీద. షిఫ్ట్‌తో కలిపి అదే కీ నొక్కితే ‘ఒ’ వస్తుంది. 60 శాతం కీబోర్డుల్లో చాలావాటిలో సరిగ్గా ఆ చోట ఉండేది ఎస్కేప్. ఎఫ్ వరస పోయింది కనుక ఎస్కేప్ ఒక మెట్టు దిగి టిల్డా కుర్చీలో కూర్చుంది. టిల్డా కావాలంటే, మామూలుగా కుడివైపు అడుగున ఉండే ఎఫ్ఎన్ కీ పట్టుకుని దాన్ని నొక్కాలి. ‘ఒ’ కావాలంటే ఎఫ్ఎన్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలపాలి.

ఇంగ్లిష్‌లో టిల్డా రోజుకు ఒకసారైనా అవసరం రాని కీ. దాన్ని దాచేస్తే ఎవరికీ నష్టం లేదనుకున్నారు. హిందీ టైపు చేసేవాళ్లకూ నష్టం లేదు. హిందీలో హ్రస్వ ఒకారం లేదు కాబట్టి ఆ కీ మీద వాళ్ల ఇన్‌స్క్రిప్ట్‌లో ఉన్నది వాళ్లు వాడని గుర్తు. మన సంగతి అది కాదు. ఒక, ఒకటి, కొన్ని, కొంచెం, మొదలు, పొలం, గొంతు, దొర, తొమ్మిది, రొట్టె, చొక్కా, మొక్క. ఒకారం లేకుండా తెలుగులో ఒక పేరా రాయడం కష్టం. కన్నడం, తమిళం, మలయాళం రాసేవాళ్లదీ ఇదే ఇబ్బంది. దక్షిణాది భాషలకు ప్రత్యేకమైన అచ్చుకు ఉమ్మడి లేఅవుట్‌లో మూల దొరికింది, చిన్న కీబోర్డు వచ్చి ఆ మూలనూ తీసేసుకుంది.

పైగా ఎఫ్ఎన్ పట్టుకోవడం మరిచిపోయి ఆ కీ కొడితే ఒత్వం పడదు సరికదా, ఎస్కేప్ పడుతుంది. నింపుతున్న పెట్టె మూసుకుపోవచ్చు, సెల్‌లో కొట్టినదంతా రద్దు కావచ్చు. స్ప్రెడ్‌షీట్‌లో ‘కొ’ అనబోయి మాట మొత్తం పోగొట్టుకోవడం టైపు చేసేవాళ్లను బాగా చికాకు పెట్టే అనుభవం. 40 శాతం కీబోర్డులో నష్టం ఇంకా ఎక్కువ. ‘డ’, ‘ఢ’ ఉండే బ్రాకెట్ కీ కూడా పోతుంది. అది తెలుగుకు పనికిరాదు.

ప్రోగ్రామింగ్ ఎక్కడ ఆదుకుంటుంది

ఈ ఇబ్బందికి మందు ప్రోగ్రామబుల్ అన్న మాటలోనే ఉంది. పైన ఎడమ మూల కీకి 41 బదులు 53 పంపమని వయాలో చెబితే టిల్డా తన చోటికి తిరిగొస్తుంది, దానితో ఒకారమూ వస్తుంది. ఎస్కేప్‌ను క్యాప్స్ లాక్ మీదికి మార్చాలి. తెలుగులో పెద్దబడి, చిన్నబడి లేవు కనుక క్యాప్స్ లాక్ మనకు ఖాళీ స్థలమే. ఇంగ్లిష్‌లోనూ దాని అవసరం అరుదు.

ఆటలో మాత్రం ఎస్కేప్ ‘ఎ’ పక్కన ఉండడం ప్రమాదం. పక్కకు జరగబోయి వేలు అటు పడితే, పోరు మధ్యలో మెనూ తెరుచుకుంటుంది. అందుకని రెండు పొరలు, అంటే అవే కీలకు రెండు అమరికలు, పెట్టుకోవాలి. ఒక పొర రాతకు, అందులో మూలన టిల్డా, క్యాప్స్ లాక్ చోట ఎస్కేప్. రెండోది ఆటకు, అందులో మూలన ఎస్కేప్, క్యాప్స్ లాక్‌కు ఏ పనీ ఉండదు, విండోస్ కీ కూడా పనిచేయదు. ఒక్క కీ కలయికతో పొర మారుతుంది. ఒకే 61 కీలు రెండు పనులకూ సరిపోవడం అంటే ఇది. ఈ వీలు లేని 60 శాతం కీబోర్డు తెలుగు రాసేవాళ్లకు సగం వస్తువే.

రెడీమేడ్ పరిష్కారాలతో జాగ్రత్త. క్యూఎంకేలో ‘గ్రేవ్ ఎస్కేప్’ అనే కీ ఉంది. విడిగా నొక్కితే ఎస్కేప్, షిఫ్ట్‌తో నొక్కితే టిల్డా. ఇంగ్లిష్ వాళ్లు దీన్ని అద్భుతమంటారు. ఇన్‌స్క్రిప్ట్‌లో దీనివల్ల ‘ఒ’ వస్తుంది కానీ ‘కొ’ రాదు. ‘ఒ’కు షిఫ్ట్ కావాలి, ఒత్వానికి షిఫ్ట్ ఉండకూడదు కదా.

హోమ్ రో మాడ్స్ అనే పద్ధతి కూడా అలాంటిదే. ఎ, ఎస్, డి, ఎఫ్ కీలను తట్టితే అక్షరం, పట్టుకుంటే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ లాంటివి. తట్టడమా పట్టుకోవడమా అని తేల్చుకోవడానికి క్యూఎంకే మామూలుగా 200 మిల్లీసెకన్ల గడువు పెట్టుకుంటుంది. ‘స్త్రీ’ నడక గుర్తు తెచ్చుకోండి. ఎడమచేత్తో పొల్లు దిగి ఉండగానే కుడిచేయి తర్వాతి హల్లు కొట్టేస్తుంది. ఫర్మ్‌వేర్ సెట్టింగును బట్టి దాన్ని ‘కంట్రోల్ పట్టుకుని ఎల్ నొక్కారు’ అని తీసుకునే ప్రమాదం ఉంది. ఆటలో డి పట్టుకుని నడవడం సరేసరి. తెలుగు రాసేవాళ్లూ, గేములాడేవాళ్లూ ఇద్దరూ డి కీని ముట్టుకోకుండా వదిలేయాలి.

అయస్కాంతపు కీబోర్డు కొన్నవాళ్లకూ ఒక మాట. గేము కోసం అతి తక్కువ లోతుకే పలికేలా పెట్టుకుని అదే అమరికతో తెలుగు రాస్తే, డి మీద ఆనించిన వేలు అదిరి పొల్లు పడుతుంది. ‘కమల’ కాస్తా ‘క్మల’ అవుతుంది. ఇంగ్లిష్‌లో పొరపాటున ఒక అక్షరం పక్కన చేరుతుంది, తెలుగులో అక్షరం ఆకారమే మారిపోతుంది. రాత పొరలో లోతు రెండు మిల్లీమీటర్ల దగ్గరే ఉంచుకోండి.

ఇంకో ఉపయోగం ఉంది, దాన్ని తెలుగువాళ్లు చాలామంది వాడుకోవడం లేదు. ‘సాఫ్ట్‌వేర్’ అని రాయాలంటే ‘ట్’ తర్వాత కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు పెట్టాలి. జడ్‌డబ్ల్యూఎన్‌జే అంటారు. పెట్టకపోతే ‘సాఫ్ట్వేర్’ అని ట ఒత్తుతో పాటు వ ఒత్తు కూడా కింద వేలాడుతుంది. ‘అమీర్‌పేట’ కాస్తా ‘అమీర్పేట’ అవుతుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో ఈ గుర్తు కోసం మూడు కీలు కలపాల్సి వస్తుంది కాబట్టి జనం దాన్ని వదిలేస్తారు, ఫలితంగా ఒత్తులు చెదిరిన మాటలు రోజూ కనిపిస్తాయి. ఆ కలయికను కుడివైపు ఆల్ట్ మీద ఒక్క దెబ్బకు వచ్చేలా పెట్టుకోవచ్చు. నా మటుకు ప్రోగ్రామబుల్ కీబోర్డు వల్ల తెలుగుకు జరిగే అసలు మేలు ఇది.

ఎవరికి ఏది

ఉద్యోగ పరీక్షలకు సిద్ధమవుతున్నవాళ్ల సంగతి వేరు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ సీహెచ్ఎస్ఎల్ టైపింగ్ పరీక్షలో ఇంగ్లిష్‌కు నిమిషానికి 35 మాటలు, అంటే గంటకు 10,500 కీ దెబ్బలు అడుగుతారు. సెకనుకు మూడు దెబ్బలు కూడా కాదు, దెబ్బకూ దెబ్బకూ మధ్య 340 మిల్లీసెకన్లకు పైగా దొరుకుతుంది. ఈ వేగానికి గేమింగ్ కీబోర్డు చేసే సాయం ఏమీ లేదు. పరీక్షా కేంద్రంలో ముందు పెట్టేది మామూలు పూర్తి సైజు కీబోర్డు. సొంత పొరలకు, మార్చుకున్న క్యాప్స్ లాక్‌కు అలవాటుపడ్డ వేళ్లు అక్కడ తడబడతాయి. పరీక్ష అయ్యేదాకా అయిదారు వందల రూపాయల కీబోర్డు మీదే సాధన చేయండి.

ఐఐసీటీ, ఎన్ఐఎన్ లాంటి పరిశోధన సంస్థల్లో పనిచేస్తూ రోజంతా అంకెలు ఎక్కించేవాళ్లకు నంబర్‌ప్యాడ్ కావాలి. పొరలో దాచిన నంబర్‌ప్యాడ్ అప్పుడప్పుడు వాడడానికి బాగుంటుంది గానీ, వందల వరసల పట్టికకు ఆనదు. కావాలంటే విడి నంబర్‌ప్యాడ్ కొని ఎడమవైపు పెట్టుకోవచ్చు.

ఆట, ఇంగ్లిష్ కోడింగ్, లేఖిని పద్ధతిలో అప్పుడప్పుడు తెలుగు. ఇంతే అయితే ఏ 60 శాతం అయినా సరే. ఇన్‌స్క్రిప్ట్‌లో రోజూ తెలుగు రాస్తారా? నా తీర్పు 75 శాతం వైపు. వెడల్పు 60 శాతం కంటే ఒక గడి, అంటే రెండు సెంటీమీటర్ల లోపే ఎక్కువ. ఎఫ్ వరస ఉంది కాబట్టి టిల్డా తన చోటే ఉంటుంది, బాణం గుర్తులూ ఉంటాయి. జాగా మరీ తక్కువైతే 60 లేదా 65 శాతం తీసుకోండి, అయితే క్యూఎంకేగానీ వయాగానీ పనిచేస్తుందని నిర్ధారించుకున్నాకే. రెండు మూడు వేలకు దొరికే చిన్న కీబోర్డుల్లో చాలావాటికి ఆ వీలుండదు. పెట్టె మీద ప్రోగ్రామబుల్ అని రాసి ఉన్నా, కొన్నింటిలో మారేది లైట్ల రంగులూ మాక్రోలే. మూల కీ మార్చుకోవచ్చా అని ప్రత్యేకంగా అడగాలి.

తార్నాక నుంచి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ దుకాణాల భవనం సీటీసీ దగ్గరే. అక్కడ దుకాణంలో కీబోర్డు తగిలించమని అడిగి, అవసరమైతే మూల కీ మార్చి, విండోస్‌లో తెలుగు లేఅవుట్ పెట్టి, ‘ఒక కొత్త చొక్కా’ అని టైపు చేయండి. ఎఫ్ఎన్ తాకకుండా ఆ మూడు మాటలూ పడితే కొనండి.